విల్లుబండి నుంచి అంబాసిడర్ దాకా: వెనక కుంగిన మన సంఘం కారు



వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో నాలుగో అంశం చూసినారు కదా, "సంఘం కారు విక్రయం" అని ఉంది. ఆ కాగితం వచ్చినప్పటి నుంచి మన గ్రూపులో రెండు పక్షాలయినాయి. "వెనక పక్క నేలకు కూర్చుండిపోయింది, పాత ఇనుముకు వేసేద్దాం" అనేవాళ్ళు కొందరు. "పెద్దాయన ప్రేమగా ఇచ్చిన బండి, అమ్మితే పాపం" అనేవాళ్ళు కొందరు. రెండు పక్షాల్లోనూ బండి కిందికి వంగి చూసినవాళ్ళు తక్కువ. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ బండి వెనక భాగం దేని మీద నిలబడిందో తెలియకుండా అమ్మడమూ తప్పే, ఉంచుకోవడమూ తప్పే. అందుకని ఈ నెల వ్యాసం దాని చరిత్ర మీదే. కొంచెం పొడుగు. ఆదివారం కాఫీ తాగుతా నిదానంగా చదవండి.

బండిలో ఉన్న రోగాలు రెండు. ఒకటి కుంగడం: డిక్కీ పక్క దిగిపోయి, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సైలెన్సర్ గొట్టం నేలకు గీసుకుంటుంది. రెండోది వదులు: మలుపు తిప్పితే ముందు భాగం తిరిగిన తర్వాత తోక వేరుగా తిరుగుతుంది. పోయిన ఏడాది వాల్పారై ప్రయాణంలో, ఆ నలభై హెయిర్‌పిన్ మలుపుల్లో వెనక సీట్లో కూర్చున్న అక్కలను అడగండి, చెప్తారు. ఈ రెండింటినీ అందరూ ఒకే రోగం అనుకుంటున్నారు. కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే విల్లుబండి కాలానికి పోవాలి.

మన ఇళ్ళల్లో పాతవాళ్ళు "విల్లుబండి" అనేవాళ్ళు. అరవంలోనూ విల్ వండి అంటే అదే. ఆంధ్రలో లారీ వర్క్‌షాపుకు పోతే "కమాను కట్టలు" అంటారు, ఉత్తరాది డ్రైవరు "కమానీ" అంటాడు. కమాను అంటే పార్సీలో విల్లే. ఇన్ని భాషల వాళ్ళూ ఆ వంగిన ఇనప పట్టీలను చూసి విల్లు అనే అనుకున్నారు. పేరు ఊరికే రాలేదు. విల్లును వంచితే అది తిరిగి నిలబడాలని చూస్తుంది. బండి బరువు దాన్ని వంచుతా ఉంటుంది, అది బరువును తిరిగి ఎత్తుతా ఉంటుంది. దారిలో గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేస్తుంది, విల్లు వంగుతుంది, లోపల కూర్చున్న మనిషి నడుము మిగులుతుంది. అంతే సంగతి.

మామూలు ఎద్దుబండికి ఈ విల్లు ఉండదు. ఇరుసు మీద నేరుగా కొయ్య చట్రం. రాయి మీద చక్రం ఎక్కితే ఆ దెబ్బ వెన్నెముకకే. అందుకని విల్లుబండి ఉన్న ఇల్లంటే ఊళ్ళో వేరే లెక్క. మా అవ్వ పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడేటప్పుడు ఎకరాల కంటే ముందు "వాళ్ళింట్లో విల్లుబండి ఉండాది" అని చెప్పేది. ఈ హోదాకు చెడ్డ ముఖం కూడా ఉంది, దాన్ని దాచి చరిత్ర రాయకూడదు. తిరువాన్కూరు సంస్థానంలో అణగారిన కులాలవాళ్ళు విల్లుబండి ఎక్కి రాజబాటలో పోకూడదని కట్టడి ఉండేది. 1893లో అయ్యంకాళి ఒక విల్లుబండి కొని, తలపాగా చుట్టి, ఆ దారిలోనే తోలుకొని పోయినాడు. కేరళ చరిత్రలో దాన్ని విల్లువండి యాత్ర అనే అంటారు. నాలుగు ఇనప పట్టీల మీద ఎవరు కూర్చోవచ్చు అనేదానికి అంత కొట్లాట జరిగింది.

ఈ ఇనప విల్లు మన దగ్గరికి ఇంగ్లీషువాళ్ళ గుర్రపు బండ్లతో వచ్చింది. లండన్‌లో కోచీలు కట్టే ఒబదయ్య ఎలియట్ అనే ఆయన 1804లో కోడిగుడ్డు ఆకారం స్ప్రింగుకు పేటెంటు తీసుకున్నాడు. రెండు విల్లులను ఎదురెదురుగా పెట్టి కొసలు కలిపితే ఆ ఆకారం వస్తుంది. దానిలో కింది సగం మాత్రం మిగిల్చినదే మన కార్లలో, లారీల్లో వచ్చిన పట్టీ స్ప్రింగు. మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ మొదట గుర్రపు కోచీలు కట్టింది, తర్వాత రైలు పెట్టెలు కట్టింది, ఆ తర్వాత మోటారు బండ్ల బాడీలు కట్టింది. మోయించేది గుర్రం నుంచి ఆవిరికి, ఆవిరి నుంచి పెట్రోలుకు మారింది. కింద విల్లు మాత్రం అదే.

రైలు మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగుతాను. మీకు తెలుసు, అక్కడ ఆగకుండా నాకు జరగదు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మన దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. 1862 నాటికి దారి మన పోదనూరు దాటి పడమటి సముద్రం దాకా పోయింది. ఆ రోజుల నుంచి నేను గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన కాలం దాకా, నాలుగు చక్రాల గూడ్స్ వ్యాగన్ కింద ఉన్నది ఈ పట్టీల కట్టే. నడుమ ఒక ఇనప బకిల్, రెండు కొసల్లో షాకిళ్ళు. రైలు నిలబడగానే పరీక్ష చేసేవాడు సుత్తి పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు తట్టుకుంటా పోయేవాడు. ఒక పట్టీ విరిగి ఉన్నా, బకిల్ పక్కకు జరిగి ఉన్నా వ్యాగన్‌కు "సిక్" అని చీటీ అంటించి పక్క లైనుకు తోసేవాళ్ళు. ఆ లైను పేరే సిక్ లైను. నేను చెప్పదలచుకున్నది ఒకటే, సిక్ లైనుకు పోయిన వ్యాగన్ పాత ఇనుముకు పోయినట్టు కాదు. పట్టీ మార్చి, కట్ట బిగించి, మళ్ళీ రైలుకు తగిలించేవాళ్ళు. ఇంకో సంగతి. ప్రతి వ్యాగన్ మీద అది ఎన్ని టన్నులు మోయగలదో సున్నంతో కాదు, పెయింటుతో రాసి ఉంటుంది. దాన్ని మించి ఎత్తితే అపరాధం. ఆ లెక్క వేసిన చేత్తో చెప్తున్నాను, మన సంఘం కారు డిక్కీలో అన్నదానం అండాలు, గంగాళాలు, రెండు బియ్యం మూటలు, గ్యాస్ సిలిండరు వేసి, వెనక సీట్లో నలుగురిని కూర్చోబెట్టినప్పుడు ఆ కారు మీద ఏమి రాసి ఉందో ఎవరూ చూడలేదు.

సరే, మోటారుకు వద్దాం. మన కోయంబత్తూరు చరిత్రలో ఇది మన తెలుగువాళ్ళ అధ్యాయం కూడా. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టినారు. అదే తర్వాత యు.ఎం.ఎస్. అయింది. ఆ కాలం దారులంటే తారు కాదు, కంకర. ఇంజను బాగున్నా బస్సు ఓడిపోయేది చక్రాల దగ్గర, విల్లు దగ్గర. దిగుమతి స్ప్రింగు విరిగితే ఓడలో కొత్తది వచ్చేదాకా బస్సు నిలబెట్టుకొని కూర్చుంటే కంపెనీ నడవదు. కాబట్టి కొలిమి ఉన్నవాడి దగ్గరికే పోవాలి. బండి చక్రాలకు ఇనప పట్టా ఎక్కించిన కమ్మరి, ఆసారి కుటుంబాలే మా వైపు బస్సు పట్టీలు వంచడం నేర్చుకున్నాయి. మోటారు మెకానిక్కు ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకోవాలి. పట్టీ వంచేవాడికి పుస్తకం అక్కరలేదు. వాళ్ళ తాత విల్లుబండికి చేసిన పనే అది. నామక్కల్ లారీ బాడీలకు పేరు తెచ్చుకుందంటే వెనకాల ఈ కొలిములు కూడా ఉన్నాయి. బాడీ కట్టినవాళ్ళ పేరు లారీ నుదుటి మీద ఉంటుంది, పట్టీ కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి పదేళ్ళలో కార్ల కథ మారింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ ఓఖా రేవులో పుట్టి, 1948లో బెంగాల్ ఉత్తర్‌పారాకు మారింది. అదే 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్, స్టాండర్డ్ మోటార్స్ మొదలయినాయి. విడి భాగాలు తెచ్చి బిగించి అమ్ముకునే కంపెనీలు ఇక్కడే తయారీ చేయాలి, లేదంటే పోవాలి అని 1953లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ పెట్టె సర్దుకున్నాయి. ఆ పెద్ద అమెరికా కార్లు ఖాళీ చేసిన స్థానంలో, పెద్ద కుటుంబం కూర్చోగల కారుగా వచ్చినది అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఏదో, ఇక్కడ 1957-58లో అది అంబాసిడర్ అయింది. దానికి ముందు 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్ అదే ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్.

ఈ కారు కింద ఒక విచిత్రం ఉంది. ముందు చక్రాలకు టార్షన్ బారు, అంటే పొడుగు ఇనప కడ్డీ మెలితిరిగి బరువు మోస్తుంది. ఆ కాలానికి అది కొత్త చదువు. వెనక చక్రాలకు మాత్రం ఒకే ముక్క ఇరుసు, దాని కింద రెండు పక్కలా పట్టీల కట్టలు. ముందు సగం ఇంజనీరు, వెనక సగం విల్లుబండి. నాకు ఈ కారు మీద గౌరవం ఆ వెనక సగం వల్లే.

దీని విలువ ఎదుటి కారును చూస్తే తెలుస్తుంది. మద్రాసు నుంచి చెంగల్పట్టు రైల్లో పోయినవాళ్ళకు వండలూరు దగ్గరి స్టాండర్డ్ ఫ్యాక్టరీ గుర్తుంటుంది. అక్కడ 1961 నుంచి హెరాల్డ్ కారు చేసినారు. దానికి వెనక ఒకే ఒక పట్టీ కట్టను అడ్డంగా పెట్టి, రెండు చక్రాలు వేటికవి విడిగా ఊగేటట్టు చేసినారు. కాగితం మీద అది మేలైన ఏర్పాటు. మన డ్రైవర్లకు, మెకానిక్కులకు మాత్రం అది నచ్చలేదు. 1972లో వచ్చిన గజెల్‌లో కంపెనీయే వెనక్కి తగ్గి ఒకే ముక్క గట్టి ఇరుసు పెట్టింది. అంటే మన దారులు, మన బరువులు, మన కొలిములు కలిసి ఇంగ్లండు డిజైనును దిద్దినాయి. దీన్ని వెనకబాటు అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. బాగుచేయగలవాడు ఉన్న చోటే యంత్రం బతుకుతుంది. ప్రీమియర్ పద్మిని కూడా వెనక పట్టీలతోనే 2000 దాటేదాకా నడిచింది.

తర్వాత చుట్ట స్ప్రింగుల కాలం వచ్చింది. హిందుస్థాన్ మోటార్సే 1984లో కాంటెస్సా తెచ్చి వెనక చుట్ట స్ప్రింగులు పెట్టింది. 1983 డిసెంబరులో మారుతి వచ్చిన తర్వాత సంగతి మీకు తెలిసిందే. చుట్ట స్ప్రింగు మెత్తగా ఉంటుంది, తేలిక, చౌక. కుంగితే ఎవడూ దాన్ని కొలిమిలో పెట్టడు, పారేసి కొత్తది వేస్తాడు. మా రైల్వేలోనూ అదే కథ, నాలుగు చక్రాల వ్యాగన్లు పోయి చుట్ట స్ప్రింగుల బోగీ వ్యాగన్లు వచ్చినాయి. ఉత్తర్‌పారాలో 2014 మే 24న పని ఆగింది. 2017లో అంబాసిడర్ పేరును పెజో కంపెనీకి 80 కోట్లకు అమ్మినారు. కారు పోయింది, పేరు వేరేవాళ్ళ చేతికి పోయింది, పట్టీ వంచే విద్య మాత్రం లారీల పుణ్యాన ఇంకా ఉంది. మనకు ఈరోజు కావలసింది ఆ విద్యే.

ఇప్పుడు మన బండి కిందికి దూరుదాం. జాకీ ఒక్కటే పెట్టి ఎవరూ దూరకండి, స్టాండు పెట్టి, ముందు చక్రాలకు అడ్డం వేసి దూరండి. గుర్రం తన్నినా బతకవచ్చు, టన్ను బండి మీద పడితే బతకలేరు.

పై పట్టీ అన్నింటికంటే పొడుగు. దాని రెండు కొసలు గుండ్రంగా చుట్టి కన్నులు చేసి ఉంటాయి. దాని కింద ఒకదాని కంటే ఒకటి పొట్టిగా పట్టీలు. నడుమ ఎక్కువ మందం, కొసలకు పోయేకొద్దీ తక్కువ. బరువు ఎక్కువ పడే చోట ఎక్కువ ఇనుము ఉండాలనే లెక్క అది. అన్నింటినీ గుచ్చి నడుమ ఒక సెంటర్ బోల్టు. కట్టను ఇరుసుకు పట్టుకొని ఉండేవి యు బోల్టులు. ముందు కన్ను బాడీకి కదలకుండా బిగించి ఉంటుంది. వెనక కన్ను షాకిల్ అనే చిన్న ఊయలకు తగిలించి ఉంటుంది, ఎందుకంటే విల్లు వంపు తగ్గినప్పుడు దాని పొడుగు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు చోటు కావాలి. రెండు కన్నుల్లోనూ రబ్బరు బుష్షులు.

కుంగడం అనేది పట్టీల రోగం. ఏళ్ళ తరబడి మోసి మోసి ఉక్కు తన పాత వంపుకు తిరిగి రాదు. పట్టీల మధ్య నీళ్ళు చేరి తుప్పు పడితే మందం తగ్గుతుంది, తుప్పు గుంటలో నుంచే పగులు మొదలవుతుంది. గ్రూపులో ఒకరు "షాక్ అబ్జార్బర్లు మార్చితే లేస్తుంది" అని రాసినారు. లేవదు. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, ఊగడాన్ని అణుస్తుంది, అంతే. చూసుకోవలసిన విధానం సులభం. నాలుగు టైర్లలో గాలి సరిచేసి, సమమైన నేల మీద ఖాళీ బండి నిలబెట్టి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమ ఎంత, కుడి ఎంత అని రాసుకోండి. రెండూ సమానంగా తగ్గి ఉంటే అలసట. ఒక పక్కే ఎక్కువ తగ్గి ఉంటే పట్టీ విరిగి ఉండవచ్చు, లేదా నేను చివర చెప్పబోయే చెడ్డ వార్త ఉండవచ్చు.

కుంగినదానికి మందు మూడు రకాలు. కొత్త కట్ట దొరికితే రెండు పక్కలా ఒకేసారి వేయడం మొదటిది, అదే మేలు. రెండోది, ఉన్న పట్టీలను విప్పి, ఒక్కొక్కదాన్ని పల్లం పక్క పైకి పెట్టి రెండు ఆధారాల మధ్య చల్లగానే సమ్మెటతో కొంచెం కొంచెంగా వంపు ఎక్కించడం. పాత ఆసారులు చేసేది ఇదే. చప్పుడు విని పగులున్న పట్టీని పక్కన పెట్టేస్తారు. కొన్నాళ్ళకు కొంత మళ్ళీ దిగుతుంది గానీ ఉక్కు చెడిపోదు. మూడోది కొలిమిలో ఎర్రగా కాల్చి వంచడం. ఇక్కడ జాగ్రత్త. స్ప్రింగు ఉక్కు, ఈఎన్ 45 లాంటి సిలికాన్ మాంగనీస్ రకం, సుమారు 900 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ 450, 500 డిగ్రీల దాకా వేడిచేసి పదును సరిచేస్తేనే స్ప్రింగు అవుతుంది. గ్యాస్ మంటతో నడుమ ఎర్రగా కాల్చి, వంచి, గాలికి ఆరబెట్టినది ఉత్త ఇనప ముక్క. బండి ఆ రోజు నిటారుగా ఇంటికి వస్తుంది, నాలుగు నెలల్లో మళ్ళీ కూర్చుంటుంది, లేదా నడిదారిలో విరుగుతుంది. "కాల్చిన తర్వాత నూనె పదును పెడతారా" అని అడగండి. ఆ ప్రశ్నకు నవ్వేవాడి దగ్గర పని ఇవ్వకండి.

వీటికి తోడు ఒక అడ్డదారి ఉంది, మన కోశాధికారి గారికి ఎవరో అదే చెప్పినారట: లారీ పట్టీ ఒకటి కోసి కట్టలో అదనంగా దూర్చడం. చౌకే. కానీ పట్టీ మందం రెట్టింపైతే గట్టితనం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. విల్లు వంగకపోతే గుంత దెబ్బ ఎటు పోతుంది? కన్నులకు, షాకిళ్ళకు, అక్కడి నుంచి బాడీకి. విల్లుబండికి డబ్బు పెట్టి దాన్ని మళ్ళీ కట్టెబండి చేసుకోవడమే అది. కొయ్య దిమ్మెలు, రబ్బరు ముద్దలు దూర్చడం కూడా ఈ జాతిదే.

వదులు వేరే రోగం. పట్టీలు కొత్తవి వేసినా అది పోదు. రబ్బరు బుష్షులు ఎండి పిండి అయిపోయి ఉంటాయి, షాకిల్ పిన్నులు అరిగి ఉంటాయి. సందులో కడ్డీ పెట్టి ఎత్తి చూస్తే ఆట తెలుస్తుంది. అన్నింటికంటే ప్రమాదం యు బోల్టులు వదులు కావడం. అవి వదులైతే బరువంతా సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా ఓరగా నడుస్తుంది. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు పక్కలా తాడుతో కొలిస్తే తేడా బయటపడుతుంది. తోక ఊగడానికి సగం కారణాలు ఈ చిల్లర సామానులోనే ఉంటాయి. ఖర్చూ చిల్లరే. బుష్షులు కొత్తవి వేసేటప్పుడు కన్నుల బోల్టులు బండి జాకీ మీద ఉండగా గట్టిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద పెట్టి, బరువు దిగిన తర్వాత బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. ఇది చెప్పకపోతే చాలా చోట్ల చేయరు.

ఇక చెడ్డ వార్త. లారీకి చాసిస్ విడిగా ఉంటుంది. అంబాసిడర్‌కు లేదు, బాడీయే చాసిస్. పట్టీల కొసలు తగిలించి ఉన్నది బాడీ అడుగున వెల్డింగు చేసిన రేకు పెట్టెలకు. నలభై వానలు, డిక్కీలో ఒలికిన సాంబారు, కడగని అండాల నీళ్ళు అన్నీ ఆ మూలకే చేరినాయి. అక్కడ తుప్పు తిని ఉంటే పట్టీ, బుష్షు, బోల్టు ఏది మార్చినా పాడుబడిన గోడకు కొత్త తలుపు బిగించినట్టే. పైకి పెయింటు బాగుంటుంది, మోసపోకండి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి, సుత్తితో తట్టి చప్పుడు వినాలి. గట్టి చప్పుడు వస్తే మంచిది. కొంచెం తిని ఉంటే మంచి వెల్డరు పాత రేకు కోసి కొత్త మందపు రేకు పెట్టగలడు. ముందు కన్ను తగిలే చోటు పూర్తిగా పోయి ఉంటే నేనే మొదట చెయ్యెత్తి అమ్మకానికి ఓటేస్తాను. ఆ చోటు ఊడితే ఇరుసు వెనక్కి పోతుంది, అప్పుడు లోపల మన పిల్లలు కూర్చుని ఉండవచ్చు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి, నాలుగో అంశాన్ని "అమ్మకం" అని కాకుండా "పరీక్ష" అని మార్చండి. మొదట బాడీ మూలలు, తర్వాత యు బోల్టులు, షాకిళ్ళు, బుష్షులు, ఆఖరున పట్టీలు. ఈ వరుసలోనే చూడాలి. చాలా మంది తలకిందులుగా పట్టీలతో మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకుంటారు. ఇద్దరు వేర్వేరు పట్టరైవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకుందాం. ఒకరు కార్ల మెకానిక్కు, ఒకరు లారీ పట్టీలు చేసేవాడు అయితే మంచిది. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఆర్‌సీ అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి, 2022 ఏప్రిల్‌లో ఆ రుసుమును 5000 రూపాయలు చేసినారు. ఇప్పుడున్న రుసుమును, తనిఖీకి ముందు చేయించవలసిన పనుల ఖర్చును కూడా లెక్కలో కలపండి. ఆ మొత్తం చూసి సభ్యులు అమ్మమంటే అమ్ముదాం, నాకు బాధ లేదు.

బాగుచేయించితే మాత్రం రెండు షరతులు రాసుకోవాలి. అండాలు, బియ్యం మూటలు ఇకమీద టెంపోలో పోవాలి, డిక్కీలో కాదు. పట్టీలు బిగించిన తర్వాత కొత్త కట్ట సర్దుకొని యు బోల్టులు కొంచెం వదులవుతాయి కాబట్టి, మొదటి 500 కిలోమీటర్లకు బండిని తిరిగి అదే పట్టరైకి తీసుకొనిపోయి బిగించి రావాలి. ఆ పని నేను తీసుకుంటాను. కొలత టేపు కూడా నా దగ్గర ఉంది, శనివారం పొద్దున పదింటికి షెడ్డు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో చెప్పండి.